ఒకటోవాడి చోటు

సైగాన్‌లో మోటారు సైకిలు వెనక పరాయి దేశస్తుల్ని ఎక్కించుకుని ఊరు చూపించేవాళ్ళు వెయ్యిమంది ఉంటే, అందరికంటే తక్కువ తెలిసినవాడు కాంగ్. ఈ మాట గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు. కాంగ్ తనే అనేవాడు. "నాకు తెలిసింది తక్కువ మేడమ్, చెప్పేది ఎక్కువ" అని హెల్మెట్ చేతికిస్తూనే ఒప్పేసుకునేవాడు. వాళ్ళు దాన్ని వినయం అనుకుని మురిసిపోయేవాళ్ళు.

అక్కడి లెక్కలో కోతి సంవత్సరం, అంటే అరవై ఎనిమిది, కొత్త ఏడాది పండగనాడు తుపాకులు ఊళ్ళోకి వచ్చినప్పుడు కాంగ్ తల్లి కడుపులో ఉన్నాడు. మిగిలిన యుద్ధమంతా పాకడంలోనూ, ముక్కు చీదడంలోనూ గడిచిపోయింది. అయినా ఏ గోడమీద బొక్క కనబడినా బండి ఆపి, ఆ గుండు తన చెవి పక్కనుంచే పోయినట్టు చెప్పేవాడు. వాటిలో సగం ఎవరో క్యాలెండరు తగిలించుకోవడానికి మేకులు కొట్టినవి.

ఇల్లు నాలుగో జిల్లాలో, కాలువ పక్క సందులో. ఎదురింట్లో చేప వేగితే ఈ ఇంటి అన్నానికి ఆ వాసన పట్టేంత ఇరుకు సందు. రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి ఎవరింట్లోకో దూరి దారివ్వాలి. ఆ ఇంట్లో ఉండేది కాంగ్, వాళ్ళమ్మ. పెళ్ళి ఒకసారి అయింది గానీ నిలవలేదు. "ఆవిడ తెలివైంది, తొందరగా అర్థం చేసుకుంది" అనేవాడు.

వాళ్ళమ్మని సందంతా ఆరమ్మ అంటారు, పుట్టింట్లో ఆవిడ ఆరు కాబట్టి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటలు ముద్దముద్దగా ఒకటో రెండో వచ్చేవి. మనుషుల్ని మర్చిపోయింది. కాంగ్‌ని తప్ప. అతను గంజి చెంచా నోటి దగ్గర పెట్టి, "అమ్మా, తిను" అంటేనే నోరు తెరిచేది. పక్కింటివాళ్ళు పెట్టినా, నర్సు పెట్టినా పెదాలు బిగించుకునేది. నలభై ఏళ్ళుగా ఎవరికీ ఏ పనికీ అక్కరకు రాని కాంగ్‌కి, ఈ లోకంలో తను లేకపోతే ఒక ప్రాణం పస్తుంటుందని తెలిసిన రోజు లోపల ఎక్కడో దీపం పెట్టినట్టయింది. బేరం ఎంత దూరానిదైనా సరే, పొద్దు వాలేసరికి ఇంటికొచ్చి చెంచా పట్టుకునేవాడు.

సందులో అతన్ని కాంగ్ అని పిలిచేవాళ్ళు లేరు. పెద్దకొడుకు కాబట్టి "రెండు". చిన్నవాళ్ళకీ, వరస కలిపేవాళ్ళకీ "రెండన్న". ఆ దేశంలో దక్షిణాదిన ఇంటి పెద్దబిడ్డ ఎప్పుడూ రెండే. తర్వాత మూడు, నాలుగు, అలా. ఒకటి అని ఎవర్నీ పిలవరు. ఎందుకని అడిగితే తలోమాట చెప్తారు. ముసలాళ్ళు మాత్రం గొంతు తగ్గించేవాళ్ళు. తొలిచూలు బిడ్డకోసం వచ్చేవి కొన్ని ఉంటాయట. వచ్చి, ఈ ఇంట్లో ఒకటి ఎవరని చూస్తాయట. ఉండరు. వెళ్ళిపోతాయట.

పరాయిదేశస్తులకి ఇది ఎక్కదు. "నువ్వు రెండయితే ఒకటి ఎవరు?" అని ప్రతివాడూ అడిగేవాడు. కాంగ్ ఏళ్ళ తరబడి ఓపిగ్గా వివరించాడు. వివరణకి ఎవరి కళ్ళూ చెమ్మగిల్లవు. ఒకరోజు ఎండకి విసిగిపోయి, ఒక ముసలి ఫ్రెంచాయనతో, "ఒకటి యుద్ధంలో పోయాడు" అనేశాడు. ఆయన నడిరోడ్డుమీద బండి దిగి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. కాంగ్ చెప్పిన మాటకి టోపీ తీసినవాడు పుట్టి బుద్ధెరిగాక అతనొక్కడే.

ఇంక ఒకటోవాడు పెరగడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడయ్యాడు. పొడుగయ్యాడు. నవ్వితే ఎడమ చెంపమీద సొట్టపడేది. మట్టికుండలో పాకం పట్టిన కొర్రమీనంటే ప్రాణం. అమెరికావాళ్ళు వెనక కూర్చుంటే ఒకటోవాడు వాళ్ళ పక్షాన బూట్లు వేసుకుని పోరాడాడు. రష్యావాళ్ళు కూర్చుంటే అవతలి పక్షాన టైరుచెప్పులు వేసుకుని పోరాడాడు. ఏ దేశమో తేలకపోతే పాపం చదువుకునే కుర్రాడు, పండక్కి పుచ్చకాయ కొనడానికి వెళ్ళాడు. పోయిన చోటు మాత్రం మారేది కాదు: సందు మొదట్లో, కాలువ మెట్ల దగ్గర. శవం దొరకలేదు. దొరికిందంటే సమాధి చూపించమంటారు.

హెండ్రికా అనే ఆవిడ హాలండ్ నుంచి వచ్చింది. రిటైరైన పంతులమ్మ, సన్నంగా, పొడుగ్గా, ఎండకి ఎర్రబడ్డ ముక్కుతో. మొదటిరోజు ఆ బళ్ళ వరదలో కళ్ళు మూసుకుని కాంగ్ చొక్కా పట్టుకుని కూర్చుంది. తర్వాత్తర్వాత చొక్కా వదిలేసి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. చివరిరోజు మధ్యాహ్నం చెరుకురసం బండి దగ్గర గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డువైపు చాలాసేపు చూసింది.

"కాంగ్ గారూ, పాత ట్యాంకులు చూపించారు. నేలకింద సొరంగాలు చూపించారు. మ్యూజియంలో పటాలు చూశాను. కానీ ఈ ఊళ్ళో నాకు యుద్ధం ఎక్కడా కనబడలేదు. అందరూ తింటున్నారు, నవ్వుతున్నారు, హారన్లు కొడుతున్నారు. అంతమంది పోయారు కదా, వాళ్ళంతా ఎక్కడికెళ్ళారు?"

అలాంటి ప్రశ్నకి కాంగ్ దగ్గర ఒకటే జవాబు. కాలువ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఒకటోవాడి కథ చెప్పాడు. ఆవేళ పుచ్చకాయ కథ. బాగా చెప్పాడు కూడా. ఆవిడ ఏడవలేదు. టోపీ తీయలేదు.

"మా నాన్నకీ అన్న ఉండేవాడు. వాళ్ళ యుద్ధంలో తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. మా నాయనమ్మ ఆయన చొక్కాలు ఏటా ఉతికి ఆరేసేది" అంది. తర్వాత, "ఇవాళ ఏడో నెల పున్నమి కదూ? దిక్కులేని ఆత్మలకి అన్నం పెట్టే రోజని హోటల్లో చెప్పారు. మీ అన్నకి పెట్టారా?"

"పెట్టాలి మేడమ్..."

"పదండి, నేనూ వస్తాను." దారిలో ఆవిడే కాయితం బట్టల జత ఒకటి కొంది, తగలబెట్టడానికి. పొడుగువాడని చెప్పారుగా అని పెద్ద సైజు ఏరింది.

సందులో అప్పటికే ప్రతి గుమ్మం ముందూ పళ్ళేలు వెలిశాయి. చిన్నచిన్న గిన్నెల్లో పల్చటి గంజి, ఉప్పు, బియ్యం, మరమరాలు, చెరుకుముక్కలు. అగరొత్తులు ఆరీ ఆరకముందే ఎగబడి లాక్కోవడానికి పిల్లలు గుంపులుగా కాచుకుని ఉన్నారు. సందు మొదట్లో నత్తలకూర అమ్మే నాలుగక్క గరిటె ఆపి, "రెండన్నా! ముసల్దాన్ని కుదుర్చుకున్నావా ఏంటి?" అని కేకేసింది. సందంతా నవ్వింది.

కాంగ్ కూడా నవ్వి, గుమ్మం ముందు చతికిలబడి గిన్నె కింద పెట్టబోయాడు. హెండ్రికా ఆపింది.

"ఇక్కడెందుకు? బయట పెట్టేది ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి కదా? ఈయనకి ఇల్లుంది. తల్లి ఉంది. లోపలికి పిలవండి."

దిక్కులేనివాళ్ళని గుమ్మం దాటించరు. ఆ సందులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ మాట చెప్పాలంటే ఒకటోవాడు దిక్కులేనివాడని చెప్పాలి. అసలు లేనేలేడని చెప్పాలి. ఆవిడ కాయితం బట్టలు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది, ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకున్నట్టు. అబద్ధాన్ని వాకిట్లో నిలబెట్టి నిజం చెప్పడం కంటే, లోపలికి రమ్మనడమే సులువనిపించింది.

లోపల పీఠం మీద వాళ్ళ నాన్న పటం ముందు గంజిగిన్నె పెట్టాడు. అమ్మకోసం దాచిన కొర్రమీను ముక్క ఒకటి పక్కన పెట్టాడు. అగరొత్తులు వెలిగించి, మూల కుర్చీలో ఉన్న అమ్మకి వినబడకుండా గొణిగాడు.

"ఒకటన్నా... కాలువ సందులో ఆరమ్మ ఇల్లు. దారి ఇదే. లోపలికి రా. అమ్మ పక్కన కూర్చుని అన్నం తిను."

అమ్మ పక్కన అని ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోటికొచ్చింది, అన్నాడు. ఎప్పుడూ చేసే పనే.

హెండ్రికా కాయితం బట్టలు వాకిట్లో కాల్చి, కాంగ్ భుజం ఒకసారి నొక్కి, టాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది. కాంగ్ ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు.

ఆరమ్మ తల తిప్పి గుమ్మంవైపు చూస్తోంది. కుడివైపు. రెండేళ్ళుగా ఆ మెడ కుడివైపు తిరగలేదు.

* * *

పొద్దు వాలకముందే మబ్బు పట్టింది. తర్వాత వాన. ఆ నెలలో వాన కురవదు, ఎవరో పైనుంచి కుమ్మరించినట్టు పడుతుంది. రేకుల మీద ఆ హోరులో పక్కింటి టీవీ వినబడలేదు, పిల్లల అరుపులు వినబడలేదు. ఒక మెరుపుతో కరెంటు పోయింది. సందంతా ఒక్కసారిగా బావిలో పడ్డట్టయింది.

కాంగ్ కొవ్వొత్తి వెలిగించాడు. అగరొత్తులు ఆరేదాకా తలుపు మూయకూడదు. అందుకని తెరిచే ఉంచాడు. జల్లు లోపలికి కొడుతోంది. అగరొత్తులు మాత్రం ఆరలేదు. చివరిదాకా కాలిపోయాయి గానీ బూడిద రాలలేదు. వడితిరిగి, ముడుచుకుని, పుల్ల పొడుగునా అలాగే నిలబడి ఉంది. అలా నిలిస్తే పిలిచినవాళ్ళు అందుకున్నట్టని నాయనమ్మ చెప్పేది. తేమకి అలా అవుతుందిలే అని కాంగ్ తనకి తను చెప్పుకున్నాడు.

వాసన వచ్చింది. ముందు కాలువ బురద వాసన. అది వానకి మామూలే. దాని వెనక ఇంకొకటి... బెల్లం పాకం మాడబోయే ముందు వచ్చే వాసన, మిరియాలు, చేప. వేడివేడిగా. పొయ్యి పొద్దున్నుంచీ వెలగలేదు.

తర్వాత సందులో అడుగులు వినబడ్డాయి.

టక్... చప్.

టక్... చప్.

అంత హోరులో అంత మెల్లటి చప్పుడు ఎలా వినబడిందో. ఒక అడుగు గట్టిగా, మడమ తగిలినట్టు. ఇంకో అడుగు తడిసిన రబ్బరు నేలకి అతుక్కుని ఊడినట్టు. కాంగ్‌కి నవ్వొచ్చింది, భయానికి వచ్చే నవ్వు. ఎవడో తాగుబోతు, ఎవరి చెప్పో ఒకటి వేసుకుని...

గుమ్మం ముందు ఆగింది.

కాంగ్ తలెత్తలేదు. తలెత్తాలని ఉంది. మెడ వినలేదు. కొవ్వొత్తి వెలుగు పడ్డ నేలమీదే చూపు నిలిచిపోయింది. ఆ నేలమీద తడి అచ్చు పడింది. బూటు. దాని ముందు ఇంకొకటి. టైరు గీతల చెప్పు. మళ్ళీ బూటు. కాళ్ళు లేవు. అచ్చులు మాత్రం ఒకటొకటిగా పడుతూ, అతని మోకాలి పక్కనుంచి, అంత దగ్గరగా, చల్లగా... మూల కుర్చీవైపు వెళ్ళాయి.

అక్కడ చెంచా గిన్నెకి తగిలింది.

ఆరమ్మ గుటక వేసింది. ఆ గుటక కాంగ్‌కి తెలుసు. రెండేళ్ళుగా పూటపూటా చెవి పెట్టి విని, హమ్మయ్య దిగింది అనుకునే గుటక.

ఎంతసేపటికో చెయ్యి కదిలింది. కొవ్వొత్తి ఎత్తాడు. కుర్చీలో అమ్మ ఒక్కతే. ఒళ్ళో ఖాళీ గిన్నె. పెదాలు తడిగా మెరుస్తున్నాయి. పడిపోయిన కుడిచెయ్యి పైకి లేచి గాలిలో ఉంది. ఎదురుగా ఎవరో మోకాళ్ళమీద కూర్చుంటే వాళ్ళ చెంప ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. బొటనవేలు ఒకేచోట మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది, సొట్టలో తిరిగినట్టు.

"అమ్మా... ఎవరు పెట్టారు?"

"అన్న."

"ఏ అన్న?"

"గట్టిగా మాట్లాడకు రెండూ. అలిసిపోయి వచ్చాడు." మాట స్పష్టంగా ఉంది. ముద్దతనం లేదు, తడబాటు లేదు. "చూడు, పాపం, ఒక కాలికి అదీ ఒక కాలికి ఇదీ. ఏది వేసుకోవాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదంట."

కాంగ్ వానలోకి పరిగెత్తాడు.

* * *

నాలుగక్క పట్టా కింద పొయ్యి ఆరకుండా అడ్డం కూర్చుని ఉంది. కాంగ్ చెప్పిందంతా విని, ముందు తిట్టాల్సినవన్నీ తిట్టింది.

"నోటికి తాళం లేని వెధవా! లోపల పెట్టావా? పీఠం మీద? దారి కూడా చెప్పావా?"

"చెప్పానక్కా."

"ఇంకేం, బండి పంపకపోయావా!"

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఉప్పూ బియ్యం చల్లి పొమ్మంటే పోడా?"

"దిక్కులేనివాడైతే పొమ్మనొచ్చు. అన్నా అని పిలిచి, అమ్మ పక్కన కూర్చోమని, అన్నం పెట్టాక తమ్ముడు అన్నని పొమ్మంటాడా? ఎక్కడన్నా చెల్లుతుందా? కన్నతల్లి పొమ్మనాలి. ఇంకెవరికీ ఆ హక్కు లేదు."

"నాకు అన్నే లేడక్కా! నేను కల్పించాను."

నాలుగక్క చేతిలో నత్త చిప్ప జారి నీళ్ళలో పడింది.

"పేరున్నవాణ్ణి పిలిస్తే ఆ పేరుగలవాడే వస్తాడు రెండన్నా. నువ్వు ఎవర్నీ పిలవలేదు. ఖాళీగా ఉన్న చోటు చూపించి రమ్మన్నావు. ఈ ఊళ్ళో చోటు లేకుండా తిరిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారనుకున్నావు?" గొంతు ఇంకా తగ్గించింది. "ఎవడికి ముందు వినబడిందో వాడు వచ్చాడు."

ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చింది. నేల పొడిగా ఉంది. ఆరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కాంగ్ గంజి కాచి, చల్లార్చి, చెంచా ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మా, తిను."

పెదాలు బిగించుకుంది. నర్సు దగ్గర బిగించుకున్నట్టే.

కాంగ్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, వాణ్ణి పొమ్మను. ఒక్కసారి అను చాలు. వాడు నీ కొడుకు కాదు. నీకు నాకంటే ముందు ఎవరూ పుట్టలేదు. నేను అబద్ధం చెప్పాను, ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పాను..."

"ఎవరూ పుట్టలేదని నీకెవరు చెప్పారు?"

"కోతి సంవత్సరంలో పోయాడని నేనే..."

"కోతి సంవత్సరంలో నువ్వు నా కడుపులో ఉన్నావు. లోపల్నుంచి ఏం చూశావు?"

"అమ్మా, నేను రెండుని కదా. మన వైపు రెండంటేనే పెద్దోడు."

ఆరమ్మ నవ్వింది, చిన్నపిల్లాడు లెక్క తప్పితే నవ్వినట్టు. "రెండుకి ముందు ఏముంటుందిరా?" అంది. తర్వాత చెయ్యి ఊపింది. "అక్కణ్ణుంచి లే. అది అన్న చోటు."

* * *

గుళ్ళోంచి సన్యాసిని తీసుకొచ్చాడు. ఆయన చాపమీద కూర్చుని, గంట మోగించి, పోయినవాడి పేరేమిటని అడిగాడు. పేరు లేదన్నాడు కాంగ్. పుట్టిన ఏడు? తెలీదు. ఆయన కాసేపు మంత్రం చదివి, మధ్యలో ఆపి, మూలవైపు చూసి, చెప్పుల కోసం తడుముకుంటూ వెళ్ళిపోయాడు. కాంగ్ ఇచ్చిన పళ్ళు కూడా తీసుకోలేదు.

అన్నిటికంటే ఘోరం, ఆరమ్మ బాగుపడటం. ముఖం నిండింది. కుడికాలు నేల మోపింది. తలుపు సందులోంచి చూస్తే గోడ పట్టుకుని నడుస్తూ, నవ్వుతూ, ఎవరితోనో చిన్నప్పటి ఊరి కబుర్లు చెప్తూ ఉండేది. డాక్టరు వచ్చి, ఏం మందిచ్చావయ్యా అని కాంగ్ వీపు తట్టాడు. వీధిలో ఎవరితో చెప్పుకుంటాడు? మా అమ్మ కోలుకుంటోంది, ఎలాగైనా ఆపండి అనా?

చెంచా మాత్రం మానలేదు. పొద్దున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి గంజి కాచేవాడు. "అమ్మా, తిను" అనేవాడు. ఆవిడ మర్యాదగా తల తిప్పుకునేది, రైల్లో తెలియనివాడు తిండి పెట్టబోతే తిప్పుకున్నట్టు. ఆ గంజి తనే తాగేవాడు. రాత్రిళ్ళు గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకునేవాడు. మూలనుంచి పాకం వాసన వస్తూనే ఉండేది.

ఒక సాయంత్రం ఆరమ్మ మూలవైపు వంగి, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు తలూపింది. కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో, అంతమందా? వానలోనే ఉన్నారా?" అంది. "మరి వాళ్ళకీ ఆకలేగా నాన్నా. వాళ్ళకీ అమ్మ ఉండేది కదా."

"అమ్మా, వద్దు" అన్నాడు కాంగ్. "అమ్మా... ఎవర్నీ పిలవకు."

ఆవిడ అతనివైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. గుర్తూ లేదు.

మర్నాడు విమానాశ్రయం దగ్గర బేరం తగిలింది. వెళ్ళనా వద్దా అని గుమ్మంలో తచ్చాడి, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని వెళ్ళాడు. తిరిగొస్తుంటే వంతెన దగ్గర వాన పట్టుకుంది. బళ్ళన్నీ ఆగిపోయాయి, నీళ్ళు మోకాలి దాకా. అతను హోండాని నెట్టుకుంటూ, ముందున్నవాళ్ళని బతిమాలుతూ, తిట్లు తింటూ సందు చేరేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. నాలుగక్క పట్టా కట్టేసి ఉంది. ఏ గుమ్మంలోనూ మనిషి లేడు.

ఇంటి తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది.

తలుపు కింది సందులోంచి పసుపు వెలుతురు. లోపల మాటలు. ఒకరివి కావు. మగగొంతులు, ఆడగొంతులు, ఒక పసివాడి దగ్గు. గిన్నెలు చాపమీద పెడుతున్న చప్పుడు. ఆ ఇంట్లో గిన్నెలు ఉన్నవే నాలుగు. చప్పుడు మాత్రం... ఒకటి తర్వాత ఒకటి... ఒకటి తర్వాత ఒకటి... ఆగలేదు.

"జరగండమ్మా, జరగండి. అందరికీ ఉంది" ఆరమ్మ గొంతు. ఎంత హాయిగా ఉందో ఆ గొంతు.

కాంగ్ తలుపు తట్టాడు. "అమ్మా! నేను."

లోపల చప్పుళ్ళు ఆగాయి.

"ఎవరయ్యా?"

"నేనమ్మా. రెండుని. తలుపు తియ్యి."

ఆరమ్మ, తికమకపడ్డట్టు, మెత్తగా:

"రెండు ఇక్కడే ఉన్నాడు కదయ్యా. నా పక్కనే తింటున్నాడు. నువ్వెవరు?"

లోపల ఎవరో నవ్వారు. ఆ నవ్వు కాంగ్‌కి తెలుసు. భయం వేసినప్పుడు తను నవ్వే నవ్వది.

తలుపుమీద చెయ్యి అలాగే ఉండిపోయింది. అరవాలనుకున్నాడు. ఏమని అరవాలి? నేనే అసలువాణ్ణి అనా? రుజువేముంది? చెంచా తెస్తే నోరు తెరిచేది... అదొక్కటే ఉండేది రుజువు.

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

అప్పుడు తెలిసింది, వీపుమీద వాన పడటం లేదని. వెనక ఎవరో నిలబడ్డారు. చాలా దగ్గరగా. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక... నీళ్ళలో కాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు, తడిబట్టల వాసన, ఓపిగ్గా వదులుతున్న ఊపిర్లు, సందు పొడుగునా, మలుపు దాకా, మలుపు దాటి కాలువ మెట్ల దాకా. తోసుకోవడం లేదు. తొందరపడటం లేదు. బియ్యం దుకాణం దగ్గర నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉన్నారు.

కాంగ్ తిరగలేదు.

చెవి వెనక చల్లటి ఊపిరి తగిలింది. ఎవరో పెద్దమనిషి గొంతు, ఏ ఊరి యాసో తెలియలేదు, చాలా మర్యాదగా, గుసగుసగా అడిగింది:

"తమ్ముడూ... నీది ఎన్నో నంబరు?"